ఏమీ జరగని సినిమాలు

"బాగానే ఉందిగానీ, ఏమీ జరగదండీ అందులో." డ్రామా సినిమా పేరెత్తితే చాలు, మన దగ్గర తీర్పు ఇలాగే వస్తుంది. తీర్పు చెప్పేది కాలేజీ కుర్రాడు కావచ్చు, ఫిల్మ్‌నగర్ డిస్ట్రిబ్యూటర్ కావచ్చు, శుక్రవారం మధ్యాహ్నానికల్లా రేటింగ్ పడేసే సమీక్షకుడు కావచ్చు. వెనకే ఇంకొన్ని మాటలు వరస కడతాయి: స్లో, ల్యాగ్, అవార్డుల కోసం తీసింది, ఓటీటీలో వచ్చాక చూసుకోవచ్చు, మన జనానికి ఎక్కదు. ఎంతకాలంగా చలామణిలో ఉన్నాయో గానీ, ఇవి ఎవరివో అభిప్రాయాలన్న సంగతి కూడా మరిచిపోయి, తేలిపోయిన నిజాల్లా చెప్పుకుంటున్నాం. నాకు ఈ తీర్పు ససేమిరా ఒప్పుదల కాదు. ఏమీ జరగని సినిమాలు ఉన్నాయి, నిజమే. అయితే అవి మీరు వేలు చూపించేవి కావు.

ముందు మన పెద్ద సినిమా సంగతే చూద్దాం. ఇంటర్వెల్‌కి పది నిమిషాల ముందు ఫైటు మొదలవుతుంది. నలభై మంది గాల్లోకి లేస్తారు, నాలుగు సుమోలు పల్టీలు కొడతాయి, ఎక్కణ్నుంచో దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ములోంచి హీరో ఇస్త్రీ నలగని చొక్కాతో నడిచొస్తాడు. ఆ పది నిమిషాలూ కత్తిరించేసి మిగతా సినిమా అతికిస్తే కథలో ఏం తేడా వస్తుంది? ఫైటుకి ముందు హీరో గెలిచేవాడే, తర్వాతా గెలిచేవాడే. పడిపోయిన నలభై మందికీ ఇల్లూ వాకిలీ ఉన్నట్టు ఎవరికీ పట్టదు. తెర మీద ఇంత హడావుడి నడిచినా జరిగింది మాత్రం సున్నా. ఏదైనా జరిగిందని అనాలంటే వెనక్కి తీసుకోలేనిది ఏదో ఒకటి అయిపోవాలి. ఒక మనిషి రెండో మనిషి ముఖం ఇదివరకటిలా చూడలేకపోవాలి.

ఇరాన్ దర్శకుడు అస్గర్ ఫర్హాదీ 2011లో తీసిన 'ఎ సెపరేషన్'లో తుపాకీ లేదు, ఛేజింగ్ లేదు, నేపథ్య సంగీతం కూడా దాదాపు లేదు. టెహ్రాన్‌లో ఒక మధ్యతరగతి జంట. ఆమె దేశం విడిచి వెళ్దామంటుంది. మతిమరుపు జబ్బుతో ఉన్న తండ్రిని వదిలి రానంటాడు అతను. ఆమె పుట్టింటికి వెళ్లిపోతే, ముసలాయన్ని చూసుకోవడానికి ఇంకో పేద ఇల్లాలు పనికి కుదురుతుంది. మొదటి రోజే ముసలాయన బట్టలు తడుపుకుంటాడు. పరాయి మగవాడి ఒంటి మీద చెయ్యి వేయవచ్చో లేదో ఆమెకి తెలియదు. మత విషయాల్లో సలహా చెప్పేవాళ్లకి ఫోన్ చేసి, ఇలా చేస్తే పాపమా అని అడుగుతుంది. పక్కనే నిలబడిన చిన్న కూతురు, నాన్నకి చెప్పనులే అని తల్లికి మాటిస్తుంది. ఈ ముక్క నిమిషం కూడా ఉండదేమో. ఆ నిమిషంలోనే ఆమె భక్తీ, పేదరికమూ, మొగుడంటే భయమూ, అన్నిటికీ మించి ఆ వయసుకే దాచడం నేర్చేసుకున్న పిల్లా, అన్నీ మనకి తెలిసిపోతాయి. మన మాస్ సినిమా ఇంత సమాచారం చెప్పాలంటే ఒక కామెడీ ట్రాకూ, ఒక ఫ్లాష్‌బ్యాకూ, తండ్రి ఫొటో ముందు ఒక డైలాగూ కావాలి.

తర్వాత ఒక తోపులాట. ఇంటాయన కోపంలో ఆమెని గుమ్మం బయటికి నెడతాడు. ఆమెకి గర్భం పోతుంది. కేసు. ఆమె గర్భవతి అని అతనికి ముందే తెలుసా తెలియదా అన్నది ప్రశ్న. తెలియదని అబద్ధమాడతాడు. ఆ అబద్ధం నిలబడాలంటే బడికెళ్లే తన కూతురు కూడా జడ్జి ముందు ఒక అబద్ధం చెప్పాలి. చెబుతుంది. ఇంటికొస్తూ కార్లో కళ్లు తుడుచుకుంటుంది. తండ్రి కేసులో కాస్త తేరుకున్నాడు, కూతురి దృష్టిలో మాత్రం ఎప్పటికీ తేరుకోడు. నలభై మంది గాల్లోకి లేచిన సినిమాలో ఇంతటిది ఒక్కటి జరిగిందా చెప్పండి! ఆ సినిమా బెర్లిన్‌లో గోల్డెన్ బేర్, అమెరికాలో ఆస్కార్ తెచ్చుకుంది. నా వాదనకి ఆ బిళ్లల సాయం అక్కర్లేదు. అవార్డుల కోసం తీశారనేవాళ్లు మాత్రం ఒకటి గమనించాలి, అందులో ప్రతి సీనూ తరవాత ఏమవుతుందన్న ఉత్కంఠ మీదే నడుస్తుంది. దాన్ని థ్రిల్లర్ అన్నా తప్పులేదు.

సరే, అందులో కోర్టూ కేసూ ఉన్నాయి గనక తప్పించుకున్నావు, నిజంగానే ఏమీ జరగని సినిమా సంగతేంటి అంటారు. న్యాయమైన ప్రశ్న. జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ 2023లో జపాన్‌లో తీసిన 'పర్ఫెక్ట్ డేస్' తీసుకుందాం. టోక్యోలో పబ్లిక్ టాయిలెట్లు కడిగే మనిషి కథ. పొద్దున్నే లేస్తాడు, మొక్కలకి నీళ్లు చల్లుతాడు, వ్యాన్‌లో క్యాసెట్ పెట్టుకుని పనికెళ్తాడు, మధ్యాహ్నం చెట్ల ఆకుల సందుల్లోంచి వచ్చే వెలుతుర్ని ఫొటో తీస్తాడు, రాత్రి పుస్తకం చదువుకుని పడుకుంటాడు. మర్నాడూ అంతే. గంటకు పైగా ఇదే. అప్పుడు ఇల్లు వదిలి పారిపోయొచ్చిన మేనకోడలు ఇతని గదికి చేరుతుంది. ఆమెని తీసుకెళ్లడానికి చెల్లెలు డ్రైవర్ ఉన్న కారులో వస్తుంది. నిజంగా టాయిలెట్లే కడుగుతున్నావా అని అడుగుతుంది. ఔనని తలూపుతాడు. ఇతనిది కలిగిన ఇల్లని, తండ్రితో ఏదో తెగిపోయిందని, అన్నీ వదిలి ఈ జీవితాన్ని తానే ఎంచుకున్నాడని అప్పుడు అర్థమవుతుంది. కారు వెళ్లిపోయాక నిలబడి ఏడుస్తాడు. ఆ గంటసేపూ అతని దినచర్య మనం కూర్చుని చూడకపోయి ఉంటే, అతను దేన్ని కాపాడుకుంటున్నాడో, దేన్ని పోగొట్టుకున్నాడో మనకి అంతుపట్టేదే కాదు. నెమ్మది అక్కడ పెట్టుబడి. కొందరు దర్శకులు పెట్టుబడి పెట్టి వసూలు చేసుకోవడం మరిచిపోతారు, వాళ్ల సంగతి చివర్లో చెప్తాను.

ఆ టాయిలెట్ మనిషి పేరు హిరయామా. వెండర్స్‌కి ఆరాధ్యుడైన జపాన్ దర్శకుడు ఒజు 1953లో తీసిన 'టోక్యో స్టోరీ'లో కుటుంబం పేరు కూడా అదే. విదేశీ డ్రామాలు మనకి దూరం అనేవాళ్లకి నేను మొదట చూపించే సినిమా ఇదే. ఒనోమిచి అనే ఊరి నుంచి ముసలి దంపతులు పిల్లల్ని చూడ్డానికి టోక్యో వస్తారు. డాక్టర్ కొడుకుకి రోగులు, బ్యూటీ పార్లర్ నడిపే కూతురికి కస్టమర్లు. ఇద్దరూ కలిసి చందాలేసుకుని తల్లిదండ్రుల్ని వేడినీటి బుగ్గలున్న అటామీకి పంపి చేతులు దులుపుకుంటారు. యుద్ధంలో పోయిన కొడుకు భార్య ఒక్కతే సెలవు పెట్టి వాళ్లకి ఊరు చూపిస్తుంది. ఇంటికి తిరిగెళ్లిన కొద్ది రోజులకే తల్లి పోతుంది. కర్మకాండ అయి అంతా భోజనానికి కూర్చున్నప్పుడు, కూతురు మాటల మధ్యలో, అమ్మ నడుంపట్టీ నాకు కావాలి, ఆ కిమోనో కూడా అంటుంది. జ్ఞాపకంగా ఉంచుకుంటుందట. ముందు పోయేది నాన్న అయితే బాగుండేదని కూడా అంటుంది, తండ్రి అవతలికి వెళ్లిన సందు చూసి. ఒజు కెమెరా కదలదు, చాప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తులో అలాగే ఉంటుంది. ఆ కూతురు రాక్షసి కాదు. ఏడ్చింది కూడా, నిజంగానే ఏడ్చింది. ఏడ్చిన అరగంటకి పట్టుచీర ఎవరికన్న లెక్క మొదలవడం మన ఇళ్లలో ఎవరు చూడలేదు?

అచ్చంగా ఈ చోటనే మన 'బలగం' నిలబడింది. 2023 మార్చిలో వచ్చిన ఈ సినిమాలో వేణు యెల్దండి చెప్పింది ఒక ముసలాయన చావు, పదకొండు రోజుల కర్మ, పిట్ట ముట్టని ముద్ద. కొమురయ్య పోతే మనవడికి మొదట తన్నుకొచ్చేది దుఃఖం కాదు, కుదరబోయే పెళ్లి చెడిపోయి కట్నం డబ్బు చేతికి రాదన్న గాభరా. ఇంటి అల్లుడూ కొడుకూ ఏళ్ల తరబడి ఎడమొహం పెడమొహం. కారణం ఎప్పుడో విందులో నల్లి బొక్క దగ్గర వచ్చిన మాట. నల్లి బొక్క! కథా చర్చల్లో ఎవరైనా ఈ పాయింట్ చెబితే, సార్, కాన్‌ఫ్లిక్ట్ వీక్‌గా ఉంది అని లేచిపోయేవాళ్లు ఎందరో. అదే సినిమాకి తెలంగాణ ఊళ్లలో ఏమైంది? ఓటీటీలోకి వచ్చేశాక కూడా బజార్లో తెర కట్టి, ట్రాక్టర్లు పక్కకి జరిపి, ఊరు ఊరంతా చాపలేసుకుని చూసింది. స్టార్ లేడు. ఫైటు లేదు. జనం వెక్కి వెక్కి ఏడ్చారు.

ఇక్కడ ఇంకో పాత మాట ముందుకొస్తుంది: ఇంట్లో ఏడుపులు చాలవా, డబ్బిచ్చి కూడా ఏడవాలా? అలసిపోయిన మనిషి అన్న మాట గనక దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. రోజంతా ఒళ్లు హూనం చేసుకుని వచ్చినవాడికి కాస్త నవ్వూ, కాస్త పాటా కావాలనుకోవడం నేరం కాదు. అయితే ఆ కోరికని పట్టుకుని, తెలుగువాడి స్వభావమే అంత, వాడికి కాలక్షేపం తప్ప అక్కర్లేదు అని సిద్ధాంతం కట్టేవాళ్లతోనే నా పేచీ. మన ఊళ్లలో తరాల తరబడి తెల్లవార్లూ ఆడిన నాటకం ఏది? బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర. రాజ్యం పోయి, ఆలిని అమ్ముకుని, చివరికి కాటికాపరి అయినవాడి గోడు. కథ పిల్లాడికి కూడా తెలుసు, సస్పెన్స్ అన్న ఊసే లేదు. కాటి సీనులో జాషువా శ్మశానవాటిక పద్యాలు అందుకుంటే కథ అంగుళం కదలదు. ఒక మనిషి నిలబడి చావు గురించి ఆలోచిస్తాడు, అంతే. జనం ల్యాగ్ అన్నారా? వన్స్ మోర్ అన్నారు! డి.వి. సుబ్బారావు లాంటి నటుడు రాగం తీస్తుంటే, పొద్దున్నే పొలం పోవాల్సిన మనుషులు తలగుడ్డలు చుట్టుకుని అర్ధరాత్రి దాటినా కదల్లేదు. తిరుపతి వేంకట కవుల రాయబారం సంగతీ అంతే. యుద్ధం వద్దని సభలో మాట్లాడటమే ఆ సీను. యుద్ధం తెర మీదకి రాదు. పద్యం మీద పద్యం. అదే జనం మనవళ్లకి నిదానం పడదని ఎవరు కనిపెట్టారో నాకు తెలియాలి.

సినిమాల్లో కూడా ఇందుకు సాక్ష్యాలకి కరువు లేదు. 1980లో 'శంకరాభరణం' చేతికొచ్చినప్పుడు కొనడానికి వ్యాపారులు వెనకాడారు. వాళ్ల లెక్క ప్రకారం అది సబబే: యాభై దాటిన కథానాయకుడు, అది కూడా డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం చేసుకుంటూ నాటకాలేసే జె.వి. సోమయాజులు, పైగా శాస్త్రీయ సంగీతం. మొదట పల్చగా ఉన్న హాళ్లు నోటిమాట మీద నిండాయి. తర్వాత సంగతి అందరికీ తెలిసిందే, తమిళ, మలయాళ దేశాల్లో కూడా ఆడింది. అదే ఏడాది జనంలోకి వచ్చిన 'మా భూమి' కృష్ణచందర్ ఉర్దూ నవల ఆధారంగా బి. నరసింగరావు నిర్మించింది, తీసింది బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్. అందులో గద్దర్ పాడిన బండెనక బండి పాట తెలియని తెలంగాణ ఊరు ఉందా? ఎవరూ చూడని సినిమాలోని పాట అంత దూరం ఎలా పోయింది మరి?

నరసింగరావు 1988లో తానే తీసిన 'దాసి' మాత్రం వేరే కథ, ఒప్పుకోవాలి. ఐదు జాతీయ అవార్డులు, అర్చనకి ఉత్తమ నటి, కళా దర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠానికి ఒకటి. చూసిన తెలుగువాళ్లు మాత్రం తక్కువ. గడీకి దాసిగా వచ్చిన పిల్ల, దొర వల్ల గర్భం, ఆ గర్భం తీయించేయడం. మాటలు తక్కువ, మౌనం ఎక్కువ. కష్టమైన సినిమానే. కానీ దాన్ని జనం తిరస్కరించారని చెప్పడం ఏం న్యాయం? తిరస్కరించడానికి ముందు ఎదురుపడాలి కదా. మా తరం దాని పేరు జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో చదివింది, హాల్లో పోస్టర్ చూడలేదు.

"మలయాళం వాళ్లకి చెల్లుతుందండీ, మనకి కాదు" అనేవాళ్ల మీద నాకు కొంచెం ముచ్చటే. సబ్‌టైటిల్స్ చదువుకుంటూ కొచ్చి పక్కన చేపలు పట్టే అన్నదమ్ముల కథని రాత్రి రెండింటిదాకా చూసి, ఎంత సహజంగా తీశారో అని మెచ్చుకునేవాడే, అదే నిదానంతో విశాఖ యాసలో వస్తే సెకండాఫ్ ల్యాగ్ అంటాడు. 2018లో వెంకటేశ్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం'కి ఈ మాట పడింది. ఎక్కువమంది నటులు ఆ పేటవాళ్లే, కెమెరా ముందు కొత్త. వైన్ షాపులో పనిచేసే గడ్డం అనే కుర్రాడు, ముసుగేసుకుని క్వార్టర్ కొనుక్కోవడానికి వచ్చే మనిషి కళ్లు చూసి మనసు పారేసుకుంటాడు. కౌంటర్ ఊచల మధ్య ఒక చెయ్యి డబ్బులిస్తుంది, ఒక చెయ్యి సీసా ఇస్తుంది, మిగిలిందంతా కళ్లే. దుబాయ్‌లోనో స్విట్జర్లాండ్‌లోనో తీసిన ఏ డ్యూయెట్‌లోనూ నాకింత ప్రేమ కనబడలేదు. కాస్త అతి అనిపించినా ఈ మాట వెనక్కి తీసుకోను. ఆ సినిమాలో విడివిడిగా నడిచే నాలుగు ప్రేమలు చివర్లో ఒక్క ముడిలో పడతాయి. చూడనివాళ్ల కోసం ఆ ముడి విప్పను.

ఇక అసలు గుట్టు దగ్గరికొద్దాం. జనం చూడరు అనే మాట వెనకాల జనం లేరు, హాలు అద్దె ఉంది. మన రెండు రాష్ట్రాల్లో సింగిల్ స్క్రీన్లు చాలావరకు అద్దె మీద నడుస్తున్నాయి. సీట్లు నిండినా ఖాళీగా ఉన్నా వారానికి ఇంత అని కట్టాల్సిందే. పెద్ద సినిమాకి మొదటి మూడు రోజుల్లోనే ఆ అద్దె రాలిపోతుంది. డ్రామా సినిమా బతికేది నోటిమాట మీద. ఆ నోటిమాట శుక్రవారం చూసినవాడి నుంచి ఆదివారం ఇంకొకరికి చేరి, మరుసటి వారానికి హాలు దాకా రావాలి. అప్పటికి పోస్టర్ చింపేసి ఉంటుంది. దీనికి తోడు డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీలకి కట్టే ఫీజులు. 2018 మార్చిలో దక్షిణాదిలో హాళ్లు మూతబడింది ఆ ఫీజుల గొడవ మీదే. 2025 వేసవిలో ఎగ్జిబిటర్లే అద్దె వద్దు, పర్సంటేజీ కావాలని హాళ్లు మూసేస్తామన్నారు. అంటే ఈ పద్ధతి హాలు యజమానికి కూడా గిట్టడం లేదన్నమాట. విస్తరి వేసి, వడ్డించకుండానే తీసేసి, అతిథికి ఆకలి లేదని ఊరంతా చెప్పుకున్నట్టుంది వ్యవహారం. చిన్న సినిమాకి పొద్దున పదకొండింటి ఆట ఒక్కటిచ్చి, సోమవారం లేపేసి, మంగళవారం "చూశారా, ఆడలేదు" అనే పెద్దమనుషుల్ని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

కేరళలో ప్రేక్షకుడు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1965లో అడూర్ గోపాలకృష్ణన్, ఆయన మిత్రులు చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టి సినిమాలు చూపించారు. తర్వాత ప్రభుత్వమే చలనచిత్ర అభివృద్ధి సంస్థ పెట్టి హాళ్లు కట్టింది, తిరువనంతపురంలో కైరళి, శ్రీ, నిళ దానివే. 1996 నుంచి ఏటా జరిగే చిత్రోత్సవానికి చిన్న ఉద్యోగులు, విద్యార్థులు సెలవు పెట్టుకుని మరీ క్యూలో నిలబడతారు. మనకి హాళ్లు తక్కువా, డబ్బు తక్కువా? చిన్న సినిమాకి రెండు వారాలు గ్యారంటీ ఇచ్చే ఒక్క స్క్రీను, జిల్లాకి ఒక్కటంటే ఒక్కటి, పర్సంటేజీ మీద నడిపి చూడమనండి. అప్పుడు జనం రాకపోతే ఆ ఓటమి జనం మీద వేద్దాం.

ఇంతా చెప్పి, చిన్న సినిమా అయితే చాలు గొప్పదే అనే మూర్ఖత్వానికి నేను దిగను. మన ఇండిపెండెంట్ సినిమాల్లో చెత్త కూడా బాగానే పోగవుతోంది. టీ కొట్టు ముందు మనిషిని కూర్చోబెట్టి, అతని వీపు మీద కెమెరా రెండు నిమిషాలు పెట్టి, వెనకాల రైలు కూత వినిపిస్తే అది కళ అనుకునేవాళ్లున్నారు. ఆ మనిషి ఎవరో, ఎంత అప్పున్నాడో, ఇంటికెందుకు వెళ్లడంలేదో వాళ్లకే తెలియదు. పల్లెటూరి యాస పలికించినంత మాత్రాన సహజత్వం వచ్చేసిందనుకుంటారు. పేదరికం కనిపిస్తే చాలు లోతు ఉన్నట్టేనని లెక్క. అలాంటివి చూసి విసుగొస్తే విసుగొచ్చిందనే చెప్పాలి, నిర్మొహమాటంగా రాయాలి కూడా. మన సమీక్షకులు ఈ పని కూడా చెయ్యరు. చిన్నవాళ్లు కదా, మంచి ప్రయత్నం అని జాలిపడి రెండున్నర ఇస్తారు. ఆ జాలి నాకు ల్యాగ్ అనే తిట్టుకన్నా చిరాకు. స్టార్ సినిమాని ఏ కొలతతో కొలుస్తారో దీన్నీ దానితోనే కొలవండి: ఈ సీనులో ఎవరికి ఏమైంది, తరవాతి సీనుకి ఎవరు మారారు? జవాబు లేకపోతే చిన్న సినిమాకైనా ఒకటిన్నర ఇవ్వండి. మూడొందల కోట్ల సినిమాకీ అదే ఒకటిన్నర ఇవ్వండి, చూద్దాం ఎవరికి ధైర్యం ఉందో.